వాగు, చెరువు నీటి సమాచారం ఆన్‌లైన్‌లో: ఏది వాడాలి, ఎలా పంచాలి, ఎక్కడ తప్పుతుంది

అడిగిన ప్రశ్న ఇది: ఒక చిన్న బృందం తమ వాగు, దాని కింద ఉన్న చెరువు బాగుపడాలని పనిచేస్తోంది. వాటర్‌షెడ్ (వాగులోకి నీళ్లు దిగే నేల, అంటే పరీవాహక ప్రాంతం) గురించి, నీటి నాణ్యత గురించి నెట్‌లో బోలెడంత సమాచారం ఉంది. అందులో ఏవి ఎంచుకుని స్థానికులకు పంచాలి? తాము కొలిచిన లెక్కలను ఎలా బయటపెట్టాలి?

యాభై లింకులు గుదిగుచ్చి పంపితే ఎవరూ తెరవరు. తెరిచినా, దానికీ తమ వాగుకూ సంబంధమేమిటో అర్థం కాదు. అందుకని ముందు మీ వాగులోకి నీళ్లు దిగే నేల హద్దు గీయండి. ఆ పటం మీద కొలిచే చోట్లు గుర్తుపెట్టండి. ఆ తర్వాత పంచే ప్రతి వనరూ పటంలోని ఏదో ఒక చోటుకో, అక్కడ కొలిచిన ఏదో ఒక అంకెకో అతుక్కోవాలి. అతుక్కోనిది ఎంత గొప్పదైనా పక్కన పెట్టేయండి.

హద్దు గీయడానికి త్వరగా ఒక అంచనా కావాలంటే గ్లోబల్ వాటర్‌షెడ్స్ అనే ఉచిత వెబ్ పటం ఉంది. వాగు మీద ఒకచోట నొక్కితే దాని ఎగువ పరీవాహక ప్రాంతాన్ని గీసి ఇస్తుంది. పెద్ద నదులకు, ఉపనదులకు బాగానే పనిచేస్తుంది. కొన్ని చదరపు కిలోమీటర్ల చిన్న వాగుకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. దాని అడుగున ఉన్న ఎత్తుల గడి (ఒకే ఎత్తుగా లెక్కించే చదరపు ముక్క) సుమారు 90 మీటర్లది, చిన్న గట్లు అందులో కనపడవు. అలాంటప్పుడు క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీరే గీసుకోవాలి.

దానికి ఎత్తుల డేటా కావాలి. ఎస్ఆర్‌టీఎం డేటా 2000 ఫిబ్రవరిలో 11 రోజుల అంతరిక్ష యాత్రలో రాడార్‌తో సేకరించింది. కోపర్నికస్ గ్లో-30 డేటా అంతకన్నా కొత్తది. రెండూ సుమారు 30 మీటర్ల గడులే, రెండూ ఉచితమే. కొత్తది దొరికితే అదే తీసుకోండి. దించుకున్న ఫైలు డిగ్రీల్లో ఉంటుంది, దాన్ని ముందు మీ ప్రాంతపు యూటీఎం జోన్‌లోకి, అంటే మీటర్లలోకి మార్చాలి. ఈ మెట్టు వదిలేస్తే వాలు, విస్తీర్ణం లెక్కలన్నీ తప్పొస్తాయి. తర్వాత క్యూజీఐఎస్‌లోని గ్రాస్ పరికరాల్లో ఆర్.వాటర్‌షెడ్ నడిపితే నీటి దిశల పటం, ప్రవాహం పోగయ్యే పటం వస్తాయి. దీనికి ఎత్తుల డేటాలోని గుంటలు ముందే పూడ్చాల్సిన పని లేదు. వాగులు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే హద్దు అంకె అడుగుతుంది. 30 మీటర్ల గడి ఒక్కోటి 900 చదరపు మీటర్లు కాబట్టి, 1,000 అని ఇస్తే 90 హెక్టార్ల నీరు పోగయ్యాకే వాగు గీత మొదలవుతుంది. చిన్న ప్రాంతానికి 200 నుంచి 300 మధ్య మొదలుపెట్టి చూడండి. చివరగా ఆర్.వాటర్.అవుట్‌లెట్‌కు నీళ్లు బయటికి పోయే బిందువు, అంటే వాగు చెరువులో కలిసే చోటు ఇస్తే హద్దు వస్తుంది.

ఇక్కడ మొదటిసారి చేసేవాళ్లలో చాలామందికి నాలుగైదు గడుల బుల్లి ముక్క వస్తుంది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటారు. మీరు పెట్టిన బిందువు వాగు గడి మీద కాకుండా పక్క గడి మీద పడింది, అంతే. ప్రవాహం పోగయ్యే పటాన్ని బాగా దగ్గరికి తెచ్చుకుని, ఎక్కువ విలువ ఉన్న గడి మధ్యలో బిందువు పెట్టండి.

రెండో ఇబ్బంది ఇంతకన్నా లోతైనది. ఈ ఎత్తులు నేలవి కావు, పైనుంచి కనిపించే ఉపరితలానివి. దట్టమైన చెట్ల గుంపు గుట్టలా కనపడుతుంది. రోడ్డు కట్ట ఆనకట్టలా కనపడుతుంది, దాని కింది తూము కంప్యూటర్‌కు తెలియదు. చదును నేలలో హద్దు అర కిలోమీటరు అటూ ఇటూ జరగడం మామూలే. తవ్విన కాలువలు, మురుగు గొట్టాలు గట్టు దాటించి పక్క పరీవాహకపు నీళ్లను ఇటు తెస్తాయి. కాబట్టి గీసిన హద్దును అచ్చువేసి, గట్టి వాన పడ్డాక ఆ గీత వెంట నడిచి నీళ్లు నిజంగా ఎటు పారుతున్నాయో చూసి సరిదిద్దాలి. తూములు, కాలువ దాట్లు, మురుగు కలిసే చోట్లు ఆ నడకలోనే గుర్తుపెట్టుకోండి. నీటి నాణ్యత కథలో సగం అక్కడే తేలుతుంది.

నీళ్లెన్ని అన్నది తర్వాతి ప్రశ్న. ఒక హెక్టారు మీద 1 మిల్లీమీటరు వాన అంటే 10 ఘనపు మీటర్లు, అంటే 10,000 లీటర్లు. అందులో పారేది ఎంత, ఇంకేది ఎంత అన్నదానికి కర్వ్ నంబర్ పద్ధతి వాడతారు. కర్వ్ నంబర్ అంటే నేల రకాన్ని, వాడకాన్ని బట్టి ఇచ్చే అంకె, అది ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ నీరు పారుతుంది. నేల పట్టుకోగలిగే నీటిని మిల్లీమీటర్లలో ఎస్ అంటారు. ఎస్ = 25,400 ÷ కర్వ్ నంబర్ − 254. వాన లోతులోంచి 0.2 ఎస్ తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, వాన + 0.8 ఎస్‌తో భాగిస్తే పారే నీటి లోతు మిల్లీమీటర్లలో వస్తుంది. వాన 0.2 ఎస్ కన్నా తక్కువైతే ఏమీ పారదని లెక్క. ఉదాహరణకు 50 మిల్లీమీటర్ల వానకు కర్వ్ నంబర్ 80 ఉన్న నేల మీద 13.8 మిల్లీమీటర్లు పారుతుంది. అదే నేల కాంక్రీటు, గట్టిపడ్డ మట్టితో 90కి చేరితే 27.1 మిల్లీమీటర్లు. వంద హెక్టార్ల మీద 13,800 ఘనపు మీటర్లు కాస్తా 27,100 అవుతాయి. ఈ పద్ధతి అంకె కచ్చితంగా ఇంతే అని చెప్పడానికి పనికిరాదు, ముందుకూ తర్వాతకూ పోల్చి చూడటానికి బాగా పనికొస్తుంది. స్థానిక సమావేశంలో ఈ ఒక్క పోలిక చూపితే నేల వాడకం మారితే వరద ఎందుకు పెరుగుతుందో వేరే చెప్పాల్సిన పనుండదు.

వాన లెక్కలకు చర్ప్స్ అనే ఉచిత డేటా 1981 నుంచి రోజువారీగా ఉంది. దాని గడి దాదాపు 5 కిలోమీటర్లది, కాబట్టి నెలసరి, ఏటి మొత్తాలకు సరే. ఒక్క కుండపోత గురించి చెప్పాలంటే నిటారు గోడలున్న వానమాపకం మీ దగ్గర ఒకటి ఉండాల్సిందే.

ఉపగ్రహ చిత్రాల విషయానికొస్తే, సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల గడితో, మబ్బు లేకపోతే సుమారు 5 రోజులకొకటి కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని ఒక్కో పట్టీగా నమోదు చేస్తుంది. పచ్చ పట్టీ విలువ నుంచి సమీప పరారుణ పట్టీ విలువను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేది నీటి సూచిక. సెంటినెల్-2లో అవి 3వ, 8వ పట్టీలు. సున్నా పైన ఉన్నది సాధారణంగా నీరు. చెరువు విస్తీర్ణం ఏళ్ల తరబడి ఎలా మారిందో చూడాలంటే గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ 1984 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాలతో తయారైన పటం చూపిస్తుంది. రెండింటిలోనూ ఒకే ఉచ్చు ఉంది: గుర్రపుడెక్క కమ్మిన చెరువు ఉపగ్రహానికి పచ్చని పొలంలా కనపడుతుంది. చెరువు కుంచించుకుపోయిందని పటం చెబితే, అది ఎండిందా, ఆక్రమణా, గుర్రపుడెక్కా అన్నది మామూలు రంగుల చిత్రం తెరిచి చూడకుండా ఎవరికీ పంపవద్దు. రెండు మూడు గడులు కూడా పట్టని సన్నటి వాగును ఈ చిత్రాల్లో వెతకడం దండగ.

ఇక నీటిలో ఏముందన్నది. ఎక్కువ శ్రమ, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

ఏవి కొలవాలో మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 6.3.2 సూచిక వాగులు, చెరువులకు ఐదు అంశాలు చాలంటుంది: కరిగిన ఆక్సిజన్, విద్యుత్ వాహకత, పీహెచ్, నత్రజని, భాస్వరం. వీటికి ఉష్ణోగ్రత, నీటి కలక, ఈ కోలి (మలం కలిసిందని చూపే బాక్టీరియా) కలుపుకుంటే ఒక చిన్న బృందానికి సరిపోయే జాబితా తయారవుతుంది. అందరూ ఇవే కొలిస్తే ఎగువ ఊరి లెక్కనూ దిగువ ఊరి లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) చూపే పెన్ను గురించి కాస్త గట్టిగా చెప్పాలి. అది కొలిచేది విద్యుత్ వాహకతను. దాన్ని సుమారు 0.5 నుంచి 0.7 మధ్య ఏదో ఒక అంకెతో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. మురుగు క్రిములు, ఆర్సెనిక్, పురుగుమందు అవశేషాలు దానికి తెలియవు. టీడీఎస్ 150 ఉందని నీళ్లు మంచివని ప్రకటించే సందేశాలు తిరుగుతుంటాయి, అవి మనుషులకు హాని చేస్తాయి. పెన్నును వాహకత మీటరుగా వాడండి, 1,413 మైక్రోసీమెన్స్ ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోండి, గుణించిన అంకె కాక వాహకతనే రాయండి. వాగు వెంట నడుస్తూ వాహకత హఠాత్తుగా పెరిగిన చోట ఆగి చూస్తే మురుగో, కర్మాగారపు నీరో కలిసే చోటు తరచుగా అక్కడే దొరుకుతుంది. ఆ పనికి ఈ చిన్న పరికరం నిజంగా మేలైనది.

పీహెచ్ మీటరును బయల్దేరే రోజునే పీహెచ్ 7 ద్రావణంతోనూ, 4 లేదా 10 ద్రావణంతోనూ సరిచూడాలి. కొనను ఎండనివ్వకూడదు, డిస్టిల్డ్ నీటిలో ముంచి ఉంచకూడదు. పొటాషియం క్లోరైడ్ నిల్వ ద్రావణంలో ఉంచాలి. అమ్మోనియా కొలుస్తుంటే పీహెచ్, ఉష్ణోగ్రత అదే నిమిషంలో రాయడం తప్పనిసరి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో చేపలకు విషమయ్యే రూపం ఒక శాతం కన్నా తక్కువ, పీహెచ్ 9 అయితే మూడో వంతుకు పైనే. అమ్మోనియా అంకె ఒక్కటే చూసి ప్రమాదం తేల్చలేం.

కరిగిన ఆక్సిజన్‌కు గంట రాయకపోతే ఆ అంకెకు విలువే లేదు. నాచు పగలంతా ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా వాడుకుంటుంది. ఒకే చెరువులో మధ్యాహ్నం లీటరుకు 11 మిల్లీగ్రాములు ఉన్నది తెల్లవారుజామున 2కు పడిపోవచ్చు. చేపలు తెల్లారేసరికి తేలడానికి కారణం తరచుగా ఇదే. మధ్యాహ్నం మాత్రమే కొలిచే బృందానికి చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టే కనపడుతుంది. నెలకోసారైనా సూర్యోదయానికి ముందు కొలవండి. వెచ్చని నీరు పట్టుకోగలిగే ఆక్సిజన్ కూడా తక్కువ: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు, 30 దగ్గర 7.6. అందుకే మిల్లీగ్రాములతో పాటు ఉష్ణోగ్రత కూడా రాయాలి.

నత్రజని, భాస్వరాల దగ్గర ఆన్‌లైన్ లెక్కలు కలగాపులగమయ్యేది ప్రమాణాల (యూనిట్ల) వల్ల. ఒక కిట్ నైట్రేట్‌గా చూపిస్తుంది, మరొకటి నైట్రేట్‌లోని నత్రజనిగా చూపిస్తుంది. నత్రజని అంకెను 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శక విలువ నైట్రేట్‌గా లీటరుకు 50 మిల్లీగ్రాములు, నత్రజనిగా రాస్తే సుమారు 11. ఏది రాశారో చెప్పని పట్టికలో 15 అని ఉంటే అది భేషుగ్గా ఉన్నట్టా, హద్దు దాటినట్టా? తెలియదు. ఫాస్ఫేట్‌ను భాస్వరంగా మార్చడానికి 3.07తో భాగించాలి. పట్టిక తలకట్టులోనే "నైట్రేట్‌గా" అనో "నత్రజనిగా" అనో రాసేయండి.

సీసాల సంగతి. రసాయన పరీక్షకు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి. ఈ కోలి సీసా శుద్ధి చేసినది, దాన్ని తొలవకూడదు, మూత లోపలి వైపు తాకకూడదు, కలపడానికి వీలుగా పైన కాస్త ఖాళీ వదలాలి. కరిగిన ఆక్సిజన్ సీసాలో అయితే ఒక్క బుడగ కూడా మిగలకూడదు. ఈ మూడింటినీ ఒకేలా నింపే వీడియోలు కనపడితే అవి పంచకండి. ఈ కోలి నమూనా మంచులో, చీకట్లో పెట్టి 6 గంటల్లో ప్రయోగశాలకు చేరితే మంచిది, 24 గంటలు దాటితే పారబోయడమే. క్లోరిన్ కలిసిన నీరైతే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే దారిలోనే క్రిములు చచ్చి నీళ్లు శుభ్రమని వస్తుంది. ప్రతి పది నమూనాలకు ఒకటి జంటగా తీయండి, ఒక సీసాలో డిస్టిల్డ్ నీరు నింపి ఖాళీ నమూనాగా పంపండి. జంటలో రెండూ బాగా తేడాగా వచ్చినా, ఖాళీ దానిలో ఏదైనా దొరికినా ఆ రోజు లెక్క మొత్తం అనుమానమే.

నీటి కలకకు చెరువులో సెకీ చక్రం చాలు: 20 సెంటీమీటర్ల పళ్లెం, నాలుగు భాగాలు చేసి నలుపు తెలుపు రంగులు, మధ్యలో గుర్తులు పెట్టిన తాడు. నీడ పడే వైపు దించి, మాయమైన లోతు, పైకి తీస్తుంటే మళ్లీ కనిపించిన లోతు రెండింటి సగటు రాయాలి. నల్ల కళ్లద్దాలు తీసేయాలి.

నాణ్యత కొలిచి ప్రవాహం కొలవని లెక్క సగం లెక్కే. వాగులో తిన్నగా ఉన్న 10 మీటర్లు కొలిచి, సగం మునిగే ఏదైనా తేలికపాటి వస్తువు వదిలి సమయం చూడండి. 40 సెకన్లు పట్టిందంటే పైపొర వేగం సెకనుకు 0.25 మీటర్లు. అడుగున నీళ్లు నెమ్మది కాబట్టి 0.85తో గుణించండి. వెడల్పు 1.2 మీటర్లు, సగటు లోతు 0.15 అయితే సెకనుకు సుమారు 38 లీటర్లు. గాలి లేనప్పుడు కనీసం మూడుసార్లు చేయాలి. గాఢతను ప్రవాహంతో గుణిస్తే బరువు వస్తుంది: సెకనుకు 20 లీటర్ల కాలువలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ఉంటే రోజుకు దాదాపు మూడున్నర కిలోలు చెరువులోకి దిగుతున్నట్టు. చిక్కగా ఉన్న చిన్న మురుగు తూము కన్నా పలుచగా ఉన్న పెద్ద కాలువ ఎక్కువ మోసుకొస్తుండవచ్చు. ముందు దేన్ని పట్టించుకోవాలో ఈ బరువు చెబుతుంది, గాఢత చెప్పదు. పొడి రోజుల్లోనే కొలిచేవాళ్లకు తొలకరి నీళ్లు దొరకవు. నేల మీద పోగైన మాలిన్యంలో పెద్ద భాగం ఆ మొదటి పారుదలలోనే వస్తుంది. ఒక్క నమూనాకే డబ్బులుంటే ఆ రోజు తీయండి.

పరికరాలే లేకపోతే పురుగులు చెబుతాయి. రాళ్ల కింద మేఫ్లై, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు దండిగా ఉంటే నీటిలో ఆక్సిజన్ బాగుంది. ఎర్రటి కైరోనమిడ్ పురుగులు, ట్యూబిఫెక్స్ తప్ప ఏమీ లేకపోతే మురుగు భారం ఎక్కువ. దక్షిణాఫ్రికాలో పుట్టిన మినీ శాస్ పద్ధతి 13 గుంపుల పురుగులతో మార్కులు వేయిస్తుంది, గుర్తింపు బొమ్మలు ఉచితం. రాళ్లున్న పారే వాగులకు అది సరైనది, నిలవ నీటి చెరువులో వాడితే మార్కులు అన్యాయంగా తక్కువొస్తాయి. నీటిమట్టం చూడటానికి జ్యూరిక్ విశ్వవిద్యాలయం నడిపే క్రౌడ్‌వాటర్ యాప్‌లో ఫొటో మీదే కొలబద్ద బొమ్మ అతికించే ఏర్పాటు ఉంది. పిల్లలు కూడా చేయగలరు.

ఇవన్నీ పంచే పట్టిక ఒక్కటే ఉండాలి, ఒక్కో కొలతకు ఒక్కో వరుస. చోటు సంకేతం, అక్షాంశం, రేఖాంశం, తేదీ, గంట, అంశం, విలువ, ప్రమాణం, పద్ధతి లేదా కిట్ పేరు, గత రెండు రోజుల వాన, కొలిచినవారి సంకేతం. అక్షాంశ రేఖాంశాలు దశాంశ డిగ్రీల్లో ఐదు స్థానాల వరకు రాస్తే మీటరు తేడాలో చోటు దొరుకుతుంది. రెండూ తారుమారైతే మీ వాగు వేరే ఖండంలోనో సముద్రంలోనో తేలుతుంది, కాబట్టి ఎక్కించే ముందు పటం మీద ఒక్కసారి చూడండి. తేదీ 2025-07-04 అన్నట్టు ఏడాదితో మొదలుపెట్టండి, 04/07 అంటే ఒకరికి జూలై, ఇంకొకరికి ఏప్రిల్. కిట్ కనిపెట్టలేనంత తక్కువగా ఉంటే సున్నా రాయొద్దు, "0.05 కన్నా తక్కువ" అని రాయండి. కొలవని గడి ఖాళీగా వదలండి, అక్కడా సున్నా పెట్టొద్దు. నెట్ లేనిచోట నింపడానికి కోబోటూల్‌బాక్స్, ఓడీకే రెండూ ఫోన్‌లో పనిచేస్తాయి, సిగ్నల్ వచ్చాక పంపుతాయి.

తెలుగులో పంచేవాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు. తెలుగు అక్షరాలున్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో మామూలుగా దాచితే మళ్లీ తెరిచేసరికి ప్రశ్నార్థకాలో చెత్త గుర్తులో వస్తాయి. దాచేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 రకం ఎంచుకోండి. పాత ఫాంట్లతో చేసిన తెలుగు పీడీఎఫ్‌లలో వెతికితే ఏమీ దొరకదు, ఫోన్‌లో గట్టిగా చదివించుకోవడమూ కుదరదు. యూనికోడ్‌లోనే టైపు చేయండి. పట్టిక తలకట్టుల్లో తెలుగుతో పాటు అంతర్జాతీయ రసాయన సంకేతం కూడా పెడితే వేరే భాషవాళ్లు మీ డేటా వాడగలరు.

కొన్ని బహిరంగంగా పెట్టకూడదు. ఫలానా ఇంటి బావిలో ఈ కోలి ఉందని చోటుతో సహా వేస్తే ఆ ఇంటివాళ్లు ఇబ్బంది పడతారు. వాళ్లకు ముందు వ్యక్తిగతంగా చెప్పి, అంగీకారం లేకపోతే పటంలో కచ్చితమైన చోటుకు బదులు కిలోమీటరు గడి చూపండి. తాగే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఈ కోలి కూడా ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం, కాబట్టి కనపడితే నెలాఖరు నివేదిక దాకా ఆగకుండా అదే రోజు చెప్పాలి. కర్మాగారం వైపు వేలు చూపే అంకెనైతే గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో తిరిగి పరీక్షించాకే బయటపెట్టండి.

పనుల నమూనాలకు వోకాట్ డేటాబేస్ మంచిది. నేల, నీటి సంరక్షణ పద్ధతులు వాలు, వాన, నేల రకం, ఖర్చు, నిర్వహణ వివరాలతో ఉంటాయి. చల్లని దేశపు మాన్యువల్‌లోని మొక్కల జాబితాను, చెరువు కొలతలను అలాగే దించుకోవడం మాత్రం ప్రమాదం. ఏ పని పంచినా మూడు చూసుకోండి: ఆ కొలతలు ఎంత వానకు లెక్కవేసినవి, పూడిక ఎవరు ఎప్పుడు తీస్తారు, ఎగువ పని కాకముందే దిగువన కడుతున్నారా. గట్టు మీద మట్టి ఆగకుండా వాగులో కట్టిన చెక్‌డ్యామ్ రెండు మూడు వానాకాలాలకే పూడిపోవచ్చు.

ఫైళ్లు పదికాలాలు ఉండాలంటే జెనోడో అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టండి, పెట్టే ఒక్కో ప్రతికీ శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది. లైసెన్స్ రాయకపోతే జాగ్రత్తపరులెవరూ వాడరు, క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై 4.0 అయితే మీ పేరు చెబితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు. ఇతరుల పేజీలను పంచేటప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక ప్రతి భద్రపరిచి ఆ లింకు కూడా ఇవ్వండి. వాగు ఒడ్డున పెట్టే బోర్డు మీద క్యూఆర్ కోడ్ వేస్తే అది ఫైలుకు కాక మీరు మార్చుకోగలిగే పేజీకి వెళ్లాలి, లేకపోతే ఫైలు మారిన ప్రతిసారీ బోర్డు మార్చాలి. ఆ పేజీ తెరవగానే పటం, చివరిసారి కొలిచిన తేదీ, అంకెలు, పక్కనే వాటి హద్దులు కనపడాలి. మిగతా లింకులన్నీ వాటి కింద.